ఓపీని ఓపీ సిబ్బందితో కలిసి నడపడం ఎలా?

తిరుపతిలో సోమవారం ఓపీ ఎలా ఉంటుందో తెలియాలంటే పొద్దున ఏడున్నరకే వచ్చి చూడాలి. శ్రీకాళహస్తి, పుత్తూరు, పీలేరు బస్సులు దిగినవాళ్ళు, ముందురోజు అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, తిరుత్తణి వైపు నుంచి తమిళం మాట్లాడుతూ వచ్చినవాళ్ళు, ఏమీ తినకుండా వచ్చిన షుగర్ పేషెంట్లు, అందరూ ఒకే కిటికీ ముందు నిలబడి ఉంటారు. కిటికీ ఇంకా తెరవలేదు. "సామీ, ఎముకల డాక్టరు యాడ కూచుంటాడు?" అని గేటు దగ్గర సెక్యూరిటీ అతన్ని అడుగుతుంటారు. పొద్దున్నుంచీ వందమందికి దారి చెప్పే ఆ మనిషిని, ఓపీలో ఏం మార్చాలని మాత్రం ఎవరూ అడగరు.

నేను ఈ ప్రాంతంలోనే స్టాఫ్ నర్సుగా చేరి, హెడ్ నర్సుగా రిటైరయ్యాను. చివరి కొన్నేళ్ళు ఓపీ బాధ్యత నా మెడకు తగిలించారు. మీ చేతిలోనూ ఎవరైనా 'ఓపీ ఇన్‌ఛార్జి' అన్న కాగితం పెట్టి వెళ్ళిపోయి ఉంటే ఇది మీకు పనికొస్తుంది. మీది పెద్దాసుపత్రి అయినా, చిత్తూరులో నలుగురు డాక్టర్లుండే నర్సింగ్ హోమ్ అయినా పద్ధతిలో పెద్ద తేడా ఉండదు.

ఒకటి ముందే చెప్పేస్తాను. సిబ్బంది అభిప్రాయం అడిగి ఫైల్లో పెట్టుకునేటట్టయితే అడగకండి. అడిగి ఊరుకుంటే రెండోసారి ఎవరూ నోరు విప్పరు. ప్రతి ఒక్కరి చేతికీ ఒక చిన్న నిర్ణయం వదిలిపెట్టగలరా? అయితేనే మొదలుపెట్టండి.

మొదట మీరే పేషెంటుతో నడవండి

మీటింగ్ ఆలోచన పక్కన పెట్టండి. ఒక సోమవారం మామూలు బట్టల్లో వచ్చి, ఊరి నుంచి ఒంటరిగా వచ్చిన ఏ పెద్దావిడనో అడిగి, ఆమెకు తోడుగా మొదటి నుంచి చివరిదాకా తిరగండి. చీటీ, బీపీ, డాక్టరు, ల్యాబు, మళ్ళీ డాక్టరు, మందుల కిటికీ. ఒక్కో చోట టైము రాసుకోండి. ఎక్కడ కాళ్ళు లాగాయో, ఎక్కడ "ఇక్కడ కాదు, అవతల" అని పంపారో అది కూడా రాయండి. నేను మొదటిసారి ఇలా తిరిగినప్పుడు ఒకే వరండాలో మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. పాతికేళ్ళ సర్వీసులో ఆ సంగతి నాకు తెలియలేదు.

తర్వాత ఒక వారం పాటు కొన్ని చీటీల వెనక ఆరు గళ్ళు ముద్ర వేయించండి. పేషెంటు వచ్చిన టైము ఎక్కడివాళ్ళక్కడ ఆ గడిలో వేయాలి. పేర్లు వద్దు, సంతకాలు వద్దు. రోజుకు పదీ పదిహేను చీటీలు చాలు. ఇది ఎవరినో పట్టుకోవడానికని అనుమానం వస్తే టైములన్నీ అందంగా, అబద్ధంగా వస్తాయి. అందుకే చీటీలు పోగు చేసే పని ఆఫీసు వాళ్ళకు ఇవ్వకండి, వార్డులో అందరికీ నచ్చే సిస్టర్ ఒకరికి ఇవ్వండి.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, సిబ్బందికి కూడా చెప్పండి. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో రుజువు చేసిన సూత్రం అది. గంటకు ఎంతమంది వస్తున్నారో, ఒక్కొక్కరు ఎన్ని గంటలు ఉంటున్నారో, ఆ రెండూ గుణిస్తే ఏ సమయంలోనైనా సగటున లోపల ఎంతమంది ఉంటారో తెలుస్తుంది. గంటకు 60 మంది వచ్చి, ఒక్కొక్కరు 3 గంటలు ఉంటే హాల్లో 180 మంది. మనవైపు పేషెంటు ఒక్కడే రాడు కదా, తోడు ఒకరనుకున్నా 360 మంది. అదే ఉండే సమయం ఒక గంట తగ్గితే 120 మంది తగ్గుతారు. కుర్చీలు కొనాలని ఇండెంటు పెట్టేముందు ఈ లెక్క వేసుకోండి. హాలు పెంచడం మన చేతిలో లేకపోయినా గంట తగ్గించడం చాలావరకు మన చేతిలోనే ఉంటుంది.

ఎవరిని పిలవాలి, ఎక్కడ కూర్చోవాలి

పదిమంది చాలు. చీటీ రాసే డేటా ఎంట్రీ ఆపరేటరు, ఓపీ స్టాఫ్ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, ఎంఎన్ఓ లేదా ఎఫ్ఎన్ఓ (పేషెంట్లను తీసుకెళ్ళడం లాంటి పనులు చూసే మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలు) ఒకరు, సెక్యూరిటీ, శానిటేషన్ ఆయమ్మ, వైద్యసేవ డెస్కులో కూర్చునే మిత్ర, డాక్టర్ల వైపు నుంచి ఇద్దరు. పథకం పేరు ఎన్నిసార్లు మారినా పేషెంట్లు ఆరోగ్యశ్రీ అనే అడుగుతారు, ఆ అడిగేదంతా వినేది ఆ మిత్రే. డాక్టర్లలో ఒక పీజీ (పై చదువు చదువుతున్న జూనియర్ డాక్టరు), ఒక పర్మనెంట్ డాక్టరు ఉండాలి. పీజీలు పోస్టింగు మారి వెళ్ళిపోతారు, పర్మనెంట్ వాళ్ళకు రోజువారీ గొడవ అంతగా తెలియదు.

సూపరింటెండెంటు ఛాంబర్లో మాత్రం పెట్టకండి. అక్కడ ఎంఎన్ఓ కుర్చీలో కూర్చోడు, కూర్చోకపోతే మాట్లాడడు. మధ్యాహ్నం ఓపీ పలచబడ్డాక, రెండింటికి, హాల్లోనే బెంచీల మీద అరగంట కూర్చోండి. టీ తెప్పించండి, డబ్బు మీ జేబులోంచే పోతుంది, ఫర్వాలేదు. మాట్లాడే వరుస కింది నుంచి మొదలవ్వాలి. ముందు ఆయమ్మ, సెక్యూరిటీ, చివర్లో డాక్టరు. డాక్టరు గారు మొదట మాట్లాడితే మిగతావాళ్ళందరూ "సార్ చెప్పిందే" అంటారు.

ఔట్‌సోర్సింగ్ వాళ్ళకు ఒక భయం ఉంటుంది. ఏదైనా అంటే ఏజెన్సీకి ఫోన్ పోతుందని. వాళ్ళు చెప్పింది మీ మాటగా రాయండి. మంచి ఫలితం వచ్చాక మాత్రం వాళ్ళ పేరే చెప్పండి.

ఏం అడగాలి

"సమస్యలేంటి?" అని అడిగారనుకోండి, స్టాఫ్ చాలరు, ఫ్యాన్లు తిరగవు, కంప్యూటర్ స్లో అని మొదలవుతుంది. అన్నీ నిజాలే, కానీ ఆ సాయంత్రానికి మీరు చేయగలిగేది ఏమీ ఉండదు. నిన్నటి గురించి అడగండి. నిన్న ఎవరిని వెనక్కి పంపావు? ఎందుకు? నిన్న నిన్ను అందరూ ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఏది? చేసిన పనే మళ్ళీ ఏది చేశావు?

ఒకసారి రిపోర్టుల కిటికీ దగ్గర తోపులాట గురించి ఇలాగే అడిగాను. టెక్నీషియన్ ఇంకో మనిషి కావాలన్నాడు. నేను బారికేడ్ అన్నాను. హాలు తుడిచే ఆయమ్మ, "మేడమ్, రిపోర్టు ఒంటిగంటకని ముందే చెప్తే ఈళ్ళు పోయి చెట్టుకింద కూచుంటారు గదా? తెలీక పదకొండు నుంచీ నిలబడుండారు" అంది. రక్తం తీసే దగ్గర 'రిపోర్టు ఒంటిగంటకు' అని ఒక రబ్బరు స్టాంపు పెట్టాం. బారికేడ్ అవసరం పడలేదు.

బోర్డుల సంగతి కూడా అలాగే తేలింది. గోడ మీద 'ఆర్థోపెడిక్స్', 'ఆఫ్తాల్మాలజీ' అని తెలుగు అక్షరాల్లోనే రాయించాం కదా అని మాకు ధీమా. అడిగేవాళ్ళేమో ఎముకల డాక్టరు, కంటి డాక్టరు అంటారు. సెక్యూరిటీ అతను వినే మాటలు ఒక కాగితం మీద రాయించి, అవే మాటలతో బోర్డులు, కింద తమిళంలో ఒక వరుస పెట్టించండి. తమిళం వచ్చిన సిబ్బంది ఎవరో కనుక్కుని సోమవారం హెల్ప్ డెస్కులో వేయండి. మన జిల్లాల్లో అలాంటివాళ్ళకు కొదవ లేదు.

గేటు దగ్గర మనిషికి రాతపూర్వకంగా అధికారం

చెప్పబోయేవాటిలో ఏదీ చేయలేకపోయినా ఇది ఒక్కటి చేయండి. చీటీ లేకుండా, వరుస లేకుండా ఎవరిని నేరుగా క్యాజువాలిటీకి పంపొచ్చో ఒక జాబితా రాసి, సూపరింటెండెంటు సంతకంతో సర్క్యులర్ తీయించండి. గుండెల్లో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం, ఫిట్స్, పాముకాటు, రక్తం కారడం, నొప్పులొచ్చిన గర్భిణి, పిలిస్తే పలకని బిడ్డ. అంతే, ఇంతకంటే పొడవు వద్దు. పొడవైతే గుర్తుండదు.

పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. పల్లె నుంచి ఆటో, బస్సు పట్టుకుని వచ్చేసరికే అందులో సగం పోయి ఉంటుంది. మిగతా సగాన్ని చీటీ వరుసలో పోగొట్టకూడదు. సెక్యూరిటీ అతను పొరపాటున మామూలు కడుపునొప్పిని పంపినా ఎవరూ అతన్ని తిట్టకూడదు. ఈ వాక్యం కూడా సర్క్యులర్‌లో ఉండాలి. పది మందిని అనవసరంగా పంపినా నష్టం లేదు, ఒకరిని ఆపితేనే నష్టం.

ఇలాంటివే ఇంకో రెండు. కుక్కకాటుతో ఎవరైనా వస్తే చీటీ కంటే ముందు కుళాయి. గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బునీళ్ళతో కడగాలి, ఆ తర్వాతే టీకా సంగతి. కుళాయి దగ్గర సబ్బు అయిపోకుండా చూసే బాధ్యత ఆయమ్మకు అప్పజెప్పండి, సబ్బు కొనే డబ్బు ఎక్కడి నుంచో కూడా తేల్చి ఇవ్వండి. రెండోది, రెండు వారాలుగా దగ్గు అన్నవాళ్ళకు మాస్కు ఇచ్చి, గాలి తగిలే చోట విడిగా కూర్చోబెట్టడం. ఇది ఎంఎన్ఓ చేయగలడు, డాక్టరు చెప్పేదాకా ఆగక్కర్లేదు.

షుగర్ పేషెంటు ఖాళీ కడుపు

ఓపీలో సిబ్బందికి నిర్ణయం వదలడం అంటే ఏమిటో దీంతో బాగా తెలుస్తుంది. మామూలుగా జరిగేది చూడండి. పల్లె నుంచి షుగర్ పేషెంటు తినకుండా వస్తాడు. చీటీ తొమ్మిదికి, డాక్టరు పదిన్నరకు. డాక్టరు ఆయన చికిత్స పుస్తకం చూసి 'ఫాస్టింగ్ షుగర్' అని రాస్తారు. పదకొండుకు రక్తం తీస్తారు. అప్పటికి ఆయన కళ్ళు తిరిగి పడిపోయే స్థితిలో ఉంటాడు. లేదా ఓపిక నశించి ఇడ్లీ తినేసి ఉంటాడు, పరీక్ష రేపటికి వాయిదా. ఇంకోసారి బస్సు ఛార్జీ, ఇంకో రోజు కూలి.

దారి ఇది. పాత షుగర్ పేషెంటు, చేతిలో పుస్తకం ఉంది, తినలేదు అంటే డాక్టరు కోసం చూడకుండా నర్సే నేరుగా ల్యాబుకు పంపేలా స్టాండింగ్ ఆర్డర్, అంటే డాక్టరు ముందే రాసిచ్చే అనుమతి, రాయించుకోండి. ఏడున్నరకే రక్తం తీసేస్తే ఎనిమిదికి తినేస్తారు, రిపోర్టుతో డాక్టరు ముందు కూర్చుంటారు. రెండోసారి వరుసలో నిలబడే పని ఉండదు. ల్యాబులో ఒకరు పొద్దున్నే రావాలి కాబట్టి, మధ్యాహ్నం వాళ్ళను ఆ మేరకు ముందే పంపేయాలి. ఇది మాటవరసకు కాకుండా డ్యూటీ చార్టులోనే రాయండి.

స్టాండింగ్ ఆర్డర్‌లో హద్దులు స్పష్టంగా ఉండాలి. విభాగం హెడ్ సంతకం, తేదీ, మళ్ళీ చూసే తేదీ. నర్సు ఏ పరీక్ష పంపొచ్చో పేరుతో ఉండాలి. మందు రాయడం, డోసు మార్చడం ఉండకూడదు. ఏ దశలో ఆపి డాక్టరును పిలవాలో కూడా అంకెల్లో రాయండి. షుగర్ 70 కంటే తక్కువుంటే వెంటనే చక్కెర నీళ్ళు, డాక్టరుకు కబురు. బీపీ 180/120 దాటితే వరుస లేకుండా నేరుగా లోపలికి. హద్దులు లేకపోతే ఏదైనా జరిగిన రోజు నర్సే బలి అవుతుంది. అది తెలుసు కాబట్టే మంచి సిస్టర్లు కూడా "డాక్టరు గారు రాయనీయండి" అని తప్పుకుంటారు. తప్పు వాళ్ళది కాదు.

డాక్టరే చేయాల్సిన పని డాక్టరు, మిగతాది శిక్షణ పొందినవాళ్ళు అనే పద్ధతి కొత్తదేమీ కాదు. మదురైలో 1976లో 11 పడకలతో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రి అలాగే పెరిగింది. చూపు పరీక్ష, కంటి ఒత్తిడి కొలవడం లాంటివి అక్కడ పల్లెల నుంచి తెచ్చి తర్ఫీదు ఇచ్చిన అమ్మాయిలే చూసుకుంటారు. తిరుపతిలోనూ వాళ్ళ ఆసుపత్రి ఉంది. ఒక పూట వెళ్ళి ఓపీ ఎలా కదులుతుందో చూసి రండి. మీతోపాటు ఒక ఎంఎన్ఓను కూడా తీసుకెళ్ళండి.

డాక్టర్లను ఎలా కలుపుకోవాలి

ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను. ఒక మీటింగులో అందరి ముందు, డాక్టర్లు గదిలోకి వచ్చిన టైములు చదివాను. అంకెలు నిజమే. తర్వాత మూడు నెలలు ఒక్క డాక్టరు కూడా మా మీటింగుకు రాలేదు.

ఆ తర్వాత వేరే దారి పట్టాం. ఓపీ గదిలో సిస్టర్ ఒక గంటలో తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందో గీతలు గీసింది. సంతకం కోసం, సర్టిఫికెట్ కోసం, "మందు స్టాకు లేదు, వేరేది రాయండి" అని చెప్పడం కోసం. ఆ గీతల కాగితం చూపించాక డాక్టరే, "దీనికేదైనా చేయండమ్మా" అన్నారు. వాళ్ళకు తగ్గే బాధ ఏమిటో ముందు చూపించండి. టైము మాట తర్వాత దానంతటదే వస్తుంది, మీరిద్దరే ఉన్నప్పుడు, నెమ్మదిగా.

రివ్యూకు, అంటే మళ్ళీ చూపించుకోవడానికి వచ్చే పేషెంట్లకు టైము ఇవ్వాలనుకుంటే ఒక పాత లెక్క ఉంది. నార్మన్ బెయిలీ 1952లో ఇంగ్లాండులో ఓపీ క్యూల మీద పనిచేసి చెప్పింది. మొదటి టైముకు ఇద్దరిని పిలవండి, తర్వాత ఒక్కొక్కరినీ ఒక పేషెంటుకు పట్టే సగటు సమయం తేడాతో పిలవండి. డాక్టరు ఖాళీగా కూర్చోరు, పేషెంట్లూ కుప్పగా పడరు. కానీ డాక్టరు ఆ మొదటి టైముకు గదిలో ఉంటేనే ఇది నడుస్తుంది.

టైము చెబితే మన జనం వింటారా అని సందేహం వద్దు. శ్రీనివాసం, విష్ణునివాసం అనే టీటీడీ వసతి భవనాల్లో దర్శనం టోకెన్ తీసుకుని, దాని మీద వేసిన గంటకు వెళ్ళడం తిరుపతిలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఎన్ని గంటలైనా ఆగుతారు. ఎప్పుడో తెలియకపోతేనే తోసుకుంటారు.

పొద్దున పది నిమిషాలు

ఎనిమిదీ ముప్పావుకు అందరూ నిలబడే మాట్లాడుకోవాలి. కూర్చుంటే అరగంట అవుతుంది. ఈ రోజు ఎవరు లేరు, ఏ మిషను పనిచేయడం లేదు, ఏ మందు లేదు, రద్దీ ఎలా ఉంటుంది. నాలుగే మాటలు. వైట్‌బోర్డు మీద రాయాలి, రాసేది రోజుకొకరు. పెరటాసి (తమిళ నెల) శనివారాలు, బ్రహ్మోత్సవాలు, గంగమ్మ జాతర రోజులు వస్తున్నాయంటే ఒక వారం ముందే బోర్డు మీద పడాలి.

వీటిలో ఎక్కువ లాభం మందుల జాబితాతోనే. లేని మందుల పేర్లు, వాటికి బదులు ఉన్నవేమిటి అనేది ఫార్మసిస్టు తొమ్మిదిలోపు ప్రతి డాక్టరు బల్ల మీద పెడితే చాలు. కిటికీ దగ్గర గొడవలు, పేషెంటు మళ్ళీ మేడ ఎక్కడం బాగా తగ్గుతాయి. ఫార్మసిస్టుకు ఇది అదనపు పని అంటారు. నిజమే. అందుకే ఒక పని పెట్టినప్పుడు ఒక పని తీసేయండి. ఒకే వివరం మూడు రిజిస్టర్లలో రాస్తుంటారు, వెతికితే దొరుకుతుంది. ఎన్‌క్వాస్ (ప్రభుత్వ ఆసుపత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణాలు) తనిఖీ వస్తుందని రిజిస్టర్లు పెంచడం మనకు అలవాటు. తనిఖీకి వచ్చేవాళ్ళు అడిగేది రికార్డు ఉందా అనే, మూడు కాపీలు ఉన్నాయా అని కాదు.

క్యూఆర్ కోడు స్కాన్ చేసి, ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) వివరాలు పంచుకుని టోకెన్ తీసుకునే పద్ధతి 2022 నుంచి ఉంది. బాగానే పనిచేస్తుంది, ఫోనుంటే. బటన్ ఫోను పెద్దవాళ్ళకు వేరే కిటికీ తప్పకుండా ఉంచండి, స్కాన్ దగ్గర నర్సింగ్ విద్యార్థులను నిలబెట్టండి. దీని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

చెడేది ఎక్కడ

వాట్సాప్ గ్రూపు దగ్గర. గ్రూపు పెట్టగానే అది గుడ్ మార్నింగ్ బొమ్మలకూ, సెలవు మెసేజీలకూ పోతుంది. బోర్డు చాలు. రెండోది, ఒకేసారి అయిదు మార్పులు. రెండు వారాలకు ఒకటే పట్టుకోండి, దానికి ఒక మనిషి పేరు రాయండి, కుదరకపోతే సిగ్గు పడకుండా తీసేయండి. మూడోది, మంచి జరిగినప్పుడు పేపర్లో ఫోటో ఎవరిది పడింది అన్నది. ఆయమ్మ చెప్పిన ఉపాయానికి సార్ శాలువా కప్పించుకుంటే ఆ తర్వాత ఆమె హాలు తుడుస్తుంది గానీ నోరు తెరవదు.

కొలవాల్సింది మూడే. చీటీ నుంచి డాక్టరు దాకా ఎంతసేపు, రోజుకు ఎంతమందిని వెనక్కి పంపాం, చివరి పేషెంటు మందులు తీసుకుంది ఎన్నింటికి. శుక్రవారం బోర్డు మీద రాయండి, పెరిగినా రాయండి.

ఆరో వారంలో ఒక సోమవారం సెలవు పెట్టండి. ఫోన్ కూడా చేయకండి. మంగళవారం వెళ్ళి బోర్డు చూడండి. సోమవారం తేదీ వేసి, లేని మందుల పేర్లు వేరే ఎవరి చేతిరాతతోనో ఉంటే మందుల కిటికీ వరుస మీద పని మొదలుపెట్టొచ్చు. ఖాళీగా ఉంటే ఎవరినీ ఏమీ అనకండి, మళ్ళీ రెండింటికి టీ తెప్పించండి.